బొమ్మ అర్థం జనానికి అందకపోతే

సాలీడు, పాము, ఏనుగు శివలింగాన్ని పూజించిన శ్రీకాళహస్తి కథ మీది మీ కలంకారీ బొమ్మ జనానికి అర్థం కాలేదన్నారు. దాని పక్కన చీటీలో మొదటి మాటే 'భక్తికి ప్రతీక'. ఇబ్బంది అక్కడే. తిరుపతి ప్రదర్శనలో సాలీడు, పాము, ఏనుగుని చూసి జంతువుల బొమ్మ అనుకున్నారంటే వాళ్ల తప్పేం లేదు.

1. ముందు కంటికి కనిపించేది రాయండి: సాలీడు లింగం మీద గూడు అల్లుతోంది, పాము మణులు పెడుతోంది, ఏనుగు తొండంతో నీళ్లు పోస్తోంది.

2. అందరూ వదిలేసేది గొడవ. పాము పెట్టిన మణుల్ని ఏనుగు తోసేసి ఆకులు పెట్టేది, వాటిని పాము తీసేసేది. ఒకరి పూజ ఇంకొకరికి చెత్తలా కనిపించింది. మీ బొమ్మలో ఆ రెండూ ఒకదాన్నొకటి ఉరిమి చూస్తున్నది అందుకేనని రాయండి. 'ప్రతీక' అనే మాటే అక్కర్లేదు.

3. బొమ్మలోని నలుపు రంగు ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టి చేసిందని చెప్పొచ్చు గానీ, దానికీ ఓ అర్థం అంటగట్టకండి. తిరుపతికి శ్రీకాళహస్తి పక్కనే కదా, కథ తెలిసినవాళ్లూ వస్తారు, కాస్త గుర్తుచేస్తే చాలు. చీటీ నాలుగైదు లైన్లు చాలు.