డెవాప్స్ కోర్సులో చేర్పించాలా? ముందు ఆ ఎర్రర్ ఏమిటో చూద్దాం

ఒక తల్లి ఇలా రాశారు: "మా అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం తను రాసిన వెబ్ అప్లికేషన్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. దాన్నే డాకర్‌లో ప్యాక్ చేసి కుబెర్నెటిస్ క్లస్టర్ మీద పెట్టాలని నాలుగు రోజులు కూర్చుంది. ఎంతకీ నిలబడలేదు. 'ఇది నా వల్ల కాదమ్మా' అని ఏడ్చింది. మా ఆడపడుచు కొడుకు మూడు నెలల డెవాప్స్ కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్నాడు, వాడిని చూసి నేర్చుకో అని చెబుతూనే ఉన్నాను. కోర్సులో చేర్పించనా, లేక బ్యాకెండ్ డెవలపర్‌గానే వెళ్లమననా? రెండూ పోల్చి చెప్పండి."

అమ్మా, పోలిక తర్వాత చెబుతాను. డెవాప్స్ అంటే తయారైన ప్రోగ్రాములను సర్వర్ల మీద పెట్టి నడిపించే పని, బ్యాకెండ్ అంటే తెర వెనుక నడిచే ప్రోగ్రాము రాసే పని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. పైకి అడిగేది కోర్సు గురించే అయినా, లోపల నలిగే ప్రశ్న "మా పిల్లకు అంత తెలివి లేదేమో" అన్నదే. మీరు రాసినదాంట్లో అలా అనుకోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించలేదు. తన యాప్‌ను క్లస్టర్ మీద పెట్టాలని ఎవరూ చెప్పకుండా నాలుగు రోజులు కూర్చున్న పిల్లకు ఓపిక ఉంది. ఈ పనిలో మొదట కావలసింది అదే.

ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగి ఉంటుందో నేను చాలావరకు ఊహించగలను. ప్రోగ్రామును, దానికి కావలసిన లైబ్రరీలను, మొదలుపెట్టే కమాండును డాకర్ అనే టూల్‌తో ఒకే మూటగా కడితే దాన్ని ఇమేజ్ అంటారు, ఆ మూట విప్పి నడిపిస్తే అది కంటెయినర్. అమ్మాయి ఆ మూట కట్టింది. అయితే అది తన ల్యాప్‌టాప్‌లో ఉంది. క్లస్టర్ అంటే వేరే మెషీన్లు, వాటి మీద ఈ మూటలను నడిపించేది కుబెర్నెటిస్. ఇమేజ్‌ను రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే గిడ్డంగికి) పంపకపోయినా, ట్యాగ్‌లో (ఇమేజ్ వెర్షన్ పేరులో) ఒక్క అక్షరం తప్పినా ఆ మెషీన్లకు దొరకదు. అప్పుడు తెర మీద 'ఇమేజ్‌పుల్ బ్యాకాఫ్' అని వస్తుంది. అది దాటితే డేటాబేస్ గొడవ. ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ చిరునామా 'లోకల్‌హోస్ట్' (అంటే 'ఈ మెషీనే') అని రాసుకుంటారు. కంటెయినర్ లోపలికి వెళ్లాక లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, అక్కడ డేటాబేస్ ఉండదు. యాప్ లేస్తుంది, డేటాబేస్ కోసం వెతుకుతుంది, దొరక్క ఆగిపోతుంది. కుబెర్నెటిస్ దాన్ని మళ్లీ లేపుతుంది, అది మళ్లీ పడిపోతుంది. పడిన ప్రతిసారీ 10 సెకన్లు, 20, 40 అంటూ ఎడం పెంచుకుంటూ 5 నిమిషాల దాకా వెళ్తుంది. దీన్నే 'క్రాష్‌లూప్ బ్యాకాఫ్' అంటారు. రాత్రి ఒంటిగంటకు ఆ మాట ఎర్రగా కనిపిస్తుంటే అనుభవం ఉన్నవాళ్లకే విసుగొస్తుంది.

ఇంకో మెలిక కూడా ఉంది, దీన్ని అమ్మాయికి తప్పకుండా చెప్పండి. సర్వర్ 127.0.0.1 (లోకల్‌హోస్ట్‌కు నంబరు రూపం) మీద మాత్రమే వింటుంటే లోపల అంతా బాగానే ఉంటుంది, బయటినుంచి ఎవరూ దాన్ని చేరుకోలేరు. యాప్ బతికి ఉందా లేదా అని క్లస్టర్ చేసే తనిఖీ పెట్టి ఉంటే అది కూడా సాధారణంగా బయటినుంచే వస్తుంది కాబట్టి, జవాబు రాక బాగున్న యాప్‌నే ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. 0.0.0.0 (అన్ని చిరునామాల మీదా విను అని అర్థం) అని మారిస్తే సరిపోతుంది. ఒక్క లైను. ఆ ఒక్క లైను కోసం రెండు రోజులు పోగొట్టుకున్న ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. దీనికీ తెలివికీ సంబంధం లేదు. నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో అప్పటిదాకా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే.

అందుకే ఆ మూడు నెలల కోర్సు మీద నాకు అనుమానం. నిజం చెప్పాలంటే అనుమానం కంటే ఎక్కువే. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కమాండ్లు గడగడా అప్పజెప్పేవాళ్లు ఉంటారు. పోర్ట్ అంటే ఏమిటి, ప్రాసెస్ ఎందుకు చచ్చిపోయింది, 137 కోడ్‌తో ఆగితే మొదట ఏం చూడాలి అని అడిగితే తడబడతారు. (మెమరీ పరిమితి దాటిందేమో చూడాలి, చాలాసార్లు కారణం అదే.) డాకర్ 2013లో వచ్చింది, గూగుల్ కుబెర్నెటిస్‌ను 2014లో బయటపెట్టింది. 2022లో వచ్చిన 1.24 వెర్షన్‌లో కుబెర్నెటిస్ డాకర్‌కు నేరుగా ఇచ్చే మద్దతు తీసేస్తే, డాకర్ నేర్చుకున్నదంతా వృథా అయిందని ఎంతోమంది పిల్లలు కంగారుపడ్డారు. ఇమేజ్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు కంగారుపడలేదు, డాకర్‌తో కట్టిన ఇమేజ్‌లు అలాగే నడుస్తున్నాయి కదా. పైన ఉండే టూల్స్ మారిపోతుంటాయి. కింద ఉన్న లైనక్స్, నెట్‌వర్క్ అంత త్వరగా మారవు. కోర్సులు అమ్మేది మారిపోయేదాన్ని.

సర్టిఫికెట్ పరీక్ష సిలబస్, ఫీజుల సంగతి కోర్సువాళ్లు ఇప్పటికే చెప్పి ఉంటారు, దాని జోలికి పోను. ఒక్కటి మాత్రం గమనించండి. కుబెర్నెటిస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్షలో బిట్ ప్రశ్నలు ఉండవు. రెండు గంటలు టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) ముందు కూర్చుని పని చేసి చూపించాలి. బట్టీ పట్టి గట్టెక్కే పరీక్ష కాదు.

ఇక పోలిక. కంపెనీలు నడుస్తున్న క్లస్టర్‌ను కొత్తగా చేరినవాళ్ల చేతికి అంత సులభంగా ఇవ్వవు, అక్కడ తప్పు జరిగితే కస్టమర్ల పని ఆగిపోతుంది. అర్ధరాత్రి ఫోన్లు కూడా ఆ ఉద్యోగంలో భాగమే. బ్యాకెండ్ వైపు తొలి అడుగు వేసే చోట్లు ఎక్కువ, అక్కడినుంచి రెండేళ్లలో క్లస్టర్ వైపు మారినవాళ్లను నేను చూశాను. మీ అమ్మాయి బ్యాకెండ్‌తో మొదలుపెడితే చాలు. తన కోడ్‌ను తనే ప్యాక్ చేసి, తనే నడిపించగల డెవలపర్ అంటే ఎక్కడైనా విలువే. ఆ విద్య తను ఇప్పటికే సగం నేర్చుకుంది.

ఇప్పుడు మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి. నాలుగు రోజులు నిద్రమాని కూర్చున్న పిల్ల ముందు ఆడపడుచు కొడుకు ముచ్చట ఎందుకమ్మా తీయడం? తన యాప్ ఏం చేస్తుందో మీరు ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో కోర్సు పేరు ఉంది, ఆ అబ్బాయి ఉద్యోగం ఉంది, అమ్మాయి కట్టిన అప్లికేషన్ గురించి ఒక్క ముక్క లేదు. తను ఏడ్చింది ఎర్రర్‌కు కాదేమో, మీకు ఏం సమాధానం చెప్పాలో తెలియక ఏమో ఆలోచించండి. కోర్సు ఫీజు కట్టడం తేలిక. పక్కన కూర్చుని "ఏదీ, ల్యాప్‌టాప్‌లో నడిపి చూపించు" అనడం కష్టం. అది ఈ రాత్రే చేయండి. మీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

తర్వాత క్లస్టర్ పని అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లోనే మినీక్యూబ్ (ఒక్క మెషీన్ మీద నడిచే చిన్న కుబెర్నెటిస్) పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు, దానికి ఖర్చేమీ లేదు. మొదట డేటాబేస్ లేకుండా, ఒక్క పేజీ చూపించే చిన్న సర్వర్‌ను నిలబెట్టమనండి. అది నిలబడ్డాకే డేటాబేస్ కలపాలి, దాని చిరునామా కోడ్‌లో రాయకుండా బయటినుంచి ఇవ్వాలి. పడిపోయిన ప్రతిసారీ కోడ్ మార్చే ముందు, పడిపోయిన కంటెయినర్ చివరిగా రాసిన లాగ్ (ఏం జరిగిందో ప్రోగ్రాము రాసుకునే చిట్టా) చదవాలి. లాగ్స్ కమాండ్‌కు 'ప్రీవియస్' అని జోడిస్తే అది కనిపిస్తుంది. అప్పటికీ కదలకపోతే, ఆ లాగ్‌లోని చివరి పది లైన్లు కాపీ చేసి నాకు పంపమనండి. ఈసారి మీరు కాదు, అమ్మాయినే రాయమనండి.