పిల్లల ఫుట్‌బాల్: లైన్ తీసేయండి, బంతి ఇవ్వండి

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం గురించి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులిస్తున్నాం. మొదటి ప్రశ్న చాలా స్కూళ్లది కాబట్టి దానికి ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పి.ఈ.టి.ని. ఆరు, ఏడు తరగతుల పిల్లలు 34 మంది సాయంత్రం ఫుట్‌బాల్‌కి వస్తారు. బంతులు ఏడే ఉన్నాయి, టైము గంట. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు, కాసేపు ఎక్సర్‌సైజులు, రెండు లైన్లలో నిలబెట్టి గోల్ కొట్టించడం, ఆఖర్న మ్యాచ్. ఇదీ నా పద్ధతి. మూడు నెలలైనా ఆటలో మార్పు లేదు, లైన్లో ఒకరినొకరు తోసుకుంటున్నారు. లోపం ఎక్కడుంది?
(ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లోపం పిల్లల్లో లేదు, ఆ లైన్లలో ఉంది. లెక్క చూడండి. లైన్‌కి 17 మంది. ఒకరు కొట్టి, బంతి తెచ్చి ఇచ్చేసరికి 20 సెకన్లు. మళ్లీ వంతు రావడానికి దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది. పావుగంటలో ఒక్కొక్కరికి దక్కేవి రెండో మూడో తన్నులు. రెండు తన్నులతో ఏ కాలికీ ఏమీ రాదు. మిగతా సేపంతా ఊరికే నిలబడ్డ పిల్లవాడు తోసుకోక ఏం చేస్తాడు?

ఏ ప్రాక్టీసుకైనా ఈ పరీక్ష పెట్టండి. ఒక్క పిల్లవాణ్ని ఎంచుకుని ఐదు నిమిషాలు వాడినే గమనించండి. బంతి వాడి కాలికి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. ఇరవై కూడా రాకపోతే ఆ ప్రాక్టీసును మార్చాల్సిందే.

మీ ఏడు బంతులకు ఏడు గుంపులు చేయండి: ఆరు గుంపుల్లో ఐదుగురేసి, ఒకదాంట్లో నలుగురు. ఈ గుంపులు గంటలో చాలాసేపు మారవు కాబట్టి విభజించే టైము కలిసొస్తుంది.

మొదటి 10 నిమిషాలు బంతితోనే ఒళ్లు వేడెక్కించాలి, రౌండ్లు అక్కర్లేదు. గుంపులో ముగ్గురు ఒక వైపు, ఇద్దరు పది మీటర్ల దూరంలో ఎదురుగా. మొదటివాడు బంతిని నడుపుకుంటూ అవతలికి వెళ్లి, అరికాలితో ఆపి, ఎదుటివాడికి వదిలి వెనక్కి చేరతాడు. ఒక దాటుకి ఆరేడు సెకన్లు. అంటే అర నిమిషానికోసారి ప్రతి ఒక్కరికీ వంతొస్తుంది, పది నిమిషాల్లో దాదాపు ఇరవై సార్లు. రెండేసి నిమిషాలకు పని మార్చండి: కుడికాలు ఒక్కటే, ఎడమకాలు ఒక్కటే, అరికాలితో దొర్లిస్తూ, మధ్యలో బంతిని వెనక్కి లాగి తిరిగి మళ్లీ ముందుకు. బంతి కాలికి ఒక అడుగు దూరం దాటకూడదని చెప్పండి. ముందుకు తన్ని దాని వెనక పరిగెత్తితే అది డ్రిబ్లింగ్ (బంతిని కాలి దగ్గరే ఉంచుకుని నడపడం) కాదు. ఈ పనికి పాత రబ్బరు బంతులు, గాలి తగ్గిన వాలీబాల్ కూడా పనికొస్తాయి. అవి దొరికితే గుంపులు ఇంకా చిన్నవవుతాయి.

నీళ్లు తాగించి, తర్వాత 20 నిమిషాలు నలుగురు చుట్టూ, ఒకరు మధ్యలో. ఎనిమిది మీటర్ల చదరం గీయండి. చుట్టూ ఉన్నవాళ్లు పాస్‌లు ఇచ్చుకుంటారు, మధ్యవాడు లాక్కోవాలి. బంతి పోగొట్టినవాడు మధ్యలోకి వెళ్తాడు. పాస్ ఇవ్వడం, ఆపడం, తల ఎత్తి చూడడం, చోటు మారడం అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక్క ప్రాక్టీసే నేర్పే వీలుంటే మేం దీన్నే ఎంచుకుంటాం. ఇది చెడేది కొలత దగ్గరే. మూడు పాస్‌లైనా పడకుండా బంతి పోతుంటే చదరాన్ని ప్రతి వైపూ ఒక అడుగు పెంచండి. పది దాటుతున్నాయంటే ఒక అడుగు తగ్గించండి. నలుగురే ఉన్న గుంపుకి ముగ్గురు చుట్టూ, ఒకరు మధ్యలో. వాళ్లకిది కష్టం కాబట్టి కాస్త బాగా ఆడేవాళ్లని అక్కడ వేయండి. మధ్యలో ఒకడే ఎక్కువసేపు చిక్కుకుపోతే నిమిషం కాగానే మార్చేయండి, లేకపోతే వాడు రేపటినుంచి రాడు.

మళ్లీ నీళ్లు. చివరి 25 నిమిషాలు ఆట. 34 మందిని ఒకే మ్యాచ్‌లో వేస్తే పదిమంది ఆడతారు, మిగతావాళ్లు చూస్తారు. ఎనిమిది జట్లు చేయండి: ఆరింట్లో నలుగురేసి, రెండింట్లో ఐదుగురేసి. అందరికన్నా చిన్న పిల్లలను ఆ ఐదుగురి జట్లలో సర్దండి. 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున పక్కపక్కనే నాలుగు గ్రౌండ్లు. గోల్ అంటే ఒకదానికొకటి రెండడుగుల దూరంలో పెట్టిన రెండు ప్లాస్టిక్ సీసాలే, గోల్‌కీపర్ ఉండడు. మ్యాచ్ నాలుగు నిమిషాలే. విజిల్ కాగానే గెలిచిన జట్టు కుడివైపు గ్రౌండ్‌కి, ఓడినది ఎడమవైపుకి. రెండు మూడు మ్యాచ్‌లయ్యేసరికి సమానమైన జట్లు ఎదురెదురు పడతాయి, మీరు వెదికి సర్దే పని లేదు. మిగిలిన మూడు బంతులు గ్రౌండ్ల మధ్య పెట్టండి. బంతి దూరంగా పోతే ఇంకొకటి అందివ్వాలి, ఆట ఆగకూడదు.

గుర్తులకు ఇటుకలు, రాళ్లు వద్దు, పడితే తల పగులుతుంది. గీతలకు ముగ్గుపిండి వాడండి. సున్నం కళ్లల్లో పడితే ప్రమాదం.

మీరు మాట్లాడేది ఒక్కోసారి అర నిమిషం దాటనివ్వకండి, రోజుకి ఒక్క విషయమే దిద్దండి. పాస్ రోజున డ్రిబ్లింగ్ తప్పులు కనిపించినా వదిలేయండి.

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. ఎప్పుడూ బొటనవేలితోనే తన్నుతుంది, బంతి ఎటో పోతుంది, వేలు నొప్పంటుంది. ఇంటి దగ్గర నేనేమైనా నేర్పగలనా? ఏ బంతి కొనాలి?
(విజయనగరం నుంచి ఒక తల్లి)

జవాబు: బంతితో మొదలుపెడదాం, ఎందుకంటే వేలి నొప్పికి సగం కారణం అదే కావచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నాలుగో సైజు బంతి సరిపోతుంది: బరువు 350 నుంచి 390 గ్రాములు. పెద్దవాళ్లు ఆడే అయిదో సైజు 410 నుంచి 450 గ్రాములుంటుంది. ఎనిమిదేళ్లలోపు వాళ్లకైతే మూడో సైజు. ‘ఎలాగూ పెరుగుతుంది కదా’ అని పెద్దది కొంటే పిల్ల దాన్ని కదిలించడానికే వేలితో పొడుస్తుంది. గాలి కూడా రాయిలా కొట్టించకండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. పంపు సూదిని తడిపి గుచ్చండి, పొడి సూది వాల్వ్‌ని చింపేస్తుంది.

ఇక తన్ను. పాస్‌కి వాడాల్సింది పాదం లోపలి వైపు, బొటనవేలి మొదటికీ మడమకీ మధ్య చీలమండ కింద ఉన్న బల్లపరుపు భాగం. ఆ చోట చాక్‌పీస్‌తో చిన్న గుర్తు పెడితే పిల్లకు అర్థమవుతుంది. నిలబడే కాలు బంతి పక్కన, జానెడు దూరంలో ఉండాలి, వేళ్లు పాస్ వెళ్లాల్సిన వైపు చూడాలి. తన్నే కాలి వేళ్లు పైకెత్తి చీలమండను బిగించాలి. బంతి నడుమ కొట్టాలి. కొట్టాక కాలు అక్కడే ఆగిపోకుండా బంతి వెనకే కాస్త సాగాలి.

బంతి ఎటు పోయిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. గాల్లోకి లేస్తే బంతి అడుగున తగులుతోంది, ఒళ్లు వెనక్కి వాలుతోంది. నీరసంగా దొర్లితే చీలమండ వదులుగా ఉంది. గిర్రున తిరుగుతూ పక్కకు పోతే వేళ్ల దగ్గర తగులుతోంది. బలంగానే వెళ్తున్నా ప్రతిసారీ ఒకే పక్కకు పోతుంటే నిలబడ్డ కాలిని చూడండి, దాని వేళ్లు అటే చూస్తుంటాయి.

ప్రహరీ గోడ ఉంటే చాలు. గోడకు మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి, గోడమీద మోకాలి ఎత్తులో మీటరు వెడల్పు గీత గీయండి. కుడికాలితో 20, ఎడమకాలితో 20, గీత కిందే తగలాలి. రోజూ ఐదారు నిమిషాలు. తిరిగొచ్చిన బంతిని అరికాలు కింద తొక్కి ఆపనివ్వకండి. మొదటి వారం అలా ఆపినా పర్వాలేదుగానీ, తర్వాత పాదం లోపలి వైపుతోనే, కాలు కొంచెం వెనక్కి తీసుకుంటూ, అడుగు దూరం పక్కకు మళ్లించి ఆపాలి. అలా ఆపితే బంతి వెంటనే తన్నడానికి వీలుగా ఉంటుంది. తొక్కి ఆపితే మళ్లీ సర్దుకోవాలి, మ్యాచ్‌లో అంతలోపు ఎదుటివాళ్లు వచ్చేస్తారు.

ఎడమకాలు ఎందుకని పాప పేచీ పెడుతుంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా మొదలైనవారు. ఆయన పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు పెట్టేవారు. వారానికో రోజు మీరూ ఇంట్లో ‘ఎడమకాలి రోజు’ పెట్టండి.

షూ కొనేటప్పుడు బొటనవేలి ముందు అరవేలి వెడల్పు ఖాళీ చాలు. రెండు సైజులు పెద్దది కొంటే పాదం లోపల జారి, పిల్ల మళ్లీ వేలితోనే తన్నుతుంది. గడ్డిమీద ఉత్తకాళ్లతో ఆడినా మంచిదే. కానీ అడుగున స్టడ్స్ (గట్టి బొడిపెలు) ఉన్న షూలు వేసుకున్నవాళ్లనీ, ఉత్తకాళ్లవాళ్లనీ ఒకే ఆటలో కలపకూడదు.

ప్రశ్న: మా కాలనీలో ఏడెనిమిదేళ్ల పిల్లలు బంతి ఎక్కడుంటే అక్కడికి తేనెటీగల్లా మూగుతారు. ‘నీ చోట నువ్వుండు’ అని ఎంత అరిచినా వినరు.
(హైదరాబాద్, ఉప్పల్)

జవాబు: అరవడం మానేయండి. ఆ వయసుకి బంతి తప్ప ఇంకేమీ కనపడదు, అది తప్పు కాదు. చోటులో కట్టేసిన పిల్లవాడికి బంతే అందదు. అంతకన్నా ఆటనే మార్చండి: నలుగురికి నలుగురు, ప్రతి గోల్ గీత మీదా ఒకటికి బదులు రెండు చిన్న గోల్స్, రెండు మూలల్లో. ఒక మూల అందరూ మూగితే రెండో మూల ఖాళీ అవుతుంది. రెండు మూడు వారాల్లో ఎవరో ఒకరు అది కనిపెడతారు. అప్పుడు ఆట ఆపి ‘వీడికి ఆ గోల్ ఎందుకు ఖాళీగా దొరికింది?’ అని అడగండి, జవాబు మీరు చెప్పకండి. ‘మూడు పాస్‌లయ్యాకే గోల్’ లాంటి నియమాలు మాత్రం వద్దు. ఖాళీ గోల్ ముందున్నా వెనక్కి పాస్ ఇవ్వడం నేర్చుకుంటారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు, ఈ ఏడు బాగా పొడుగెదిగాడు. మోకాలి చిప్ప కింద బొడిపెలా వచ్చి, పరిగెత్తితే నొప్పంటున్నాడు. ‘ఆడుతుంటే అదే పోతుంది’ అంటున్నారు. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం స్కూలు వదలగానే ఆడుతున్నారు, హెడ్డింగ్ (బంతిని తలతో కొట్టడం) కూడా చేయిస్తున్నారు. ఇవన్నీ సరైనవేనా?
(అనంతపురం)

జవాబు: ఆడుతుంటే పోదు, పెరుగుతుంది. ఎదిగే వయసులో తొడ కండరం మోకాలి కింద ఇంకా గట్టిపడని ఎముకను లాగుతుంటుంది. గెంతడం, వేగంగా పరిగెత్తి ఆగడం, గట్టిగా తన్నడం ఎక్కువైతే అక్కడ వాచి బొడిపె కడుతుంది. చాలామందికి ఎదుగుదల ఆగాక తగ్గిపోతుంది. డాక్టర్ చూసి అదేనని తేల్చాక, కొన్ని వారాలు గెంతులు, పరుగులు తగ్గించి పాస్‌లు, బంతి ఆపడం లాంటివే చేయించండి. ఆట తర్వాత పదిహేను నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. నొప్పి రాత్రి నిద్రలో లేపుతున్నా, ఒక్క కాలే బాగా వాచినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి.

స్కూలు వదిలే పన్నెండున్నర వేళ ఏప్రిల్‌లో అనంతపురంలో ఆట వద్దే వద్దు. ఉదయం ఎనిమిదిలోపు గానీ, సాయంత్రం అయిదు తర్వాత గానీ ఆడాలి. పావుగంటకోసారి, దాహం వేసినా వేయకపోయినా నీళ్లు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం కనిపిస్తే నీడలోకి చేర్చి, తడిగుడ్డలు వేసి, ఓఆర్‌ఎస్ తాగించండి. మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా అది వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు చల్లుతూ విసరండి.

హెడ్డింగ్ విషయంలో కొన్ని దేశాలు జాగ్రత్త పడుతున్నాయి. అమెరికాలో పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు అది పూర్తిగా నిషిద్ధం, 11 నుంచి 13 ఏళ్ల వాళ్లకు ప్రాక్టీసులో పరిమితులున్నాయి. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ స్కూలు వయసు పిల్లలకు ప్రాక్టీసులో అసలు చేయించరు. మీ అబ్బాయి వయసుకి నేర్పవచ్చుగానీ తక్కువగా: తేలికైన బంతిని రెండు మీటర్ల నుంచి చేత్తో మెల్లగా వేస్తే నుదుటితో, కళ్లు తెరిచి, నోరు మూసి, మెడ బిగించి కొట్టాలి. ఒకసారికి అయిదారు చాలు. గోల్‌కీపర్ దూరంగా తన్నిన బంతిని తలతో తీసుకోమనకండి. తలకి దెబ్బ తగిలి మసకగా ఉందని పిల్లవాడు చెప్తే, ఆ రోజు మళ్లీ గ్రౌండ్‌లోకి పంపకండి, డాక్టర్‌కి చూపించండి.