పదేళ్ల పాపకి క్లాసిక్స్ ఎక్కట్లేదంటే

బొమ్మలతో డైరీలా రాసిన కథల పుస్తకాలు తప్ప మీ పాప ఇంకేమీ ముట్టుకోవడం లేదని, కొనిచ్చిన 'ట్రెజర్ ఐలాండ్' పది పేజీలకే పక్కన పడేసిందని రాశారు. టెన్షన్ పడకండి. అది 1883 నాటి పుస్తకం, ఓడల భాష పెద్దవాళ్లకే తికమకగా ఉంటుంది. ఓ రెండేళ్లు అటక మీద పెట్టండి.

ముందు పీటర్ బ్రౌన్ 'ది వైల్డ్ రోబో' (2016) ఇవ్వండి. మనుషులెవరూ లేని దీవిలో కళ్లు తెరిచిన ఒక రోబో, తల్లి లేని బాతుపిల్లని పెంచుతుంది. అధ్యాయాలు రెండు మూడు పేజీలే, మధ్యమధ్యలో బొమ్మలు. "ఇంకొక్కటి చదివి పడుకుంటా" అనిపించే రకం.

అది పూర్తయ్యాక 'షార్లెట్స్ వెబ్' (1952). నాన్న గొడ్డలి పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నాడని పాప అడగడంతోనే కథ మొదలవుతుంది. బక్కగా పుట్టిన పందిపిల్లని చంపడానికని తెలిసి ఆ గొడ్డలి పట్టుకుని వేలాడుతుంది. మొదటి పేజీ మీరే పైకి చదివి ఆపేయండి, మిగతాది తనే లాక్కుంటుంది. చివర్లో పందిపిల్ల నేస్తం షార్లెట్ అనే సాలీడు చనిపోతుంది, ఆ రోజు పక్కన ఉండండి.

తెలుగులో కావాలంటే 'రైలుబడి'. రైలు పెట్టెల్లో నడిచే బడి, పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు వినే హెడ్మాస్టరు! నా ఓటు దీనికే.

డైరీ పుస్తకాలు మాత్రం లాక్కోవద్దు. అవీ చదువే.