మిరప చేల వాగు నీళ్లలో మందు ‘కనపడలేదు’ అంటే ఇంకేం వెతకాలి?

అడిగింది: పల్నాడులో మిరప చేల పక్కన పారే వాగు నీళ్లను ల్యాబ్‌కి ఇస్తే ఫిప్రోనిల్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్ అనే పురుగుమందులు మూడూ ‘కనపడలేదు’ అని రిపోర్టు ఇచ్చారు. రైతులేమో ఆ మందులే కొట్టామంటున్నారు. తప్పెక్కడ?

ల్యాబ్ తప్పే కానక్కర్లేదండి. ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అనే, పదార్థాల్ని విడదీసి అణువుల బరువుని బట్టి గుర్తుపట్టే యంత్రాన్ని మామూలు పద్ధతిలో నడిపితే జాబితాలో రాసిన వాటినే చూస్తుంది. చేలోంచి వాగులోకి చేరేలోపు మందు విరిగి వేరే పదార్థమైపోతే, దాని పేరు మీరు రాసివ్వాలి.

ముందు ఫిప్రోనిల్. ఎండకి డీసల్ఫినిల్ అవుతుంది, గాలాడే చోట సల్ఫోన్, గాలాడని బురదలో సల్ఫైడ్. యంత్రంలో నెగెటివ్ మోడ్‌లో (మొదటి అంకె అయాన్ బరువు, రెండోది దాన్ని విరిచాక చూసే ముక్క బరువు) అసలు మందుకి 435 నుంచి 330, సల్ఫోన్‌కి 451 నుంచి 415, సల్ఫైడ్‌కి 419 నుంచి 383, డీసల్ఫినిల్‌కి 387 నుంచి 351 పెట్టించండి. ఈ మూడింటి పాళ్లే కథ చెబుతాయి. సల్ఫైడ్ ఎక్కువగా ఉంటే నిలవనీటి వరిమడి మీదో వాగు అడుగు బురద మీదో అనుమానపడాలి. సల్ఫోన్, సల్ఫైడ్ రెండూ బురదని పట్టుకుని ఉంటాయి కాబట్టి నీళ్లతోపాటు పైపొర బురద కూడా తీసుకెళ్లండి. నీటి పురుగులకి ఇవి అసలు మందుకేమీ తీసిపోవు.

క్లోర్‌పైరిఫాస్ విరిగితే ట్రైక్లోరోపిరిడినాల్ వస్తుంది, ల్యాబ్‌లో టీసీపీ అంటారు. దీని పీకేఏ (సగం అయాన్‌గా మారే పీహెచ్) సుమారు 4.5. వాగు నీళ్ల పీహెచ్ 7, 8 ఉంటుంది కాబట్టి అది అయాన్‌గానే ఉండి, హెచ్‌ఎల్‌బీ కార్ట్రిడ్జ్‌లో (నీళ్లు పోస్తే అందులోని మందుని పట్టి ఉంచే చిన్న గొట్టం) సరిగా నిలవక జారిపోతుంది. నమూనాని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఫార్మిక్ ఆమ్లంతో పీహెచ్ 2–3కి తెచ్చి లోడ్ చేయాలి, రెండోదాన్ని అలాగే. టీసీపీ దొరికినంత మాత్రాన క్లోర్‌పైరిఫాసే అని తేల్చేయకండి, ట్రైక్లోపైర్ అనే కలుపుమందు విరిగినా ఇదే వస్తుంది.

ఎసిఫేట్‌తో తిప్పలు వేరు. అది మెథమిడోఫాస్ అవుతుంది. కానీ జీసీలో (నమూనాని వేడిచేసి ఆవిరిగా విడదీసే యంత్రం) పెడితే వేడి ఇంజెక్టర్‌లోనే ఎసిఫేట్ విరిగి మెథమిడోఫాస్ పుట్టుకొస్తుంది, అంటే వాగులో లేనిది రిపోర్టులో ఉంటుంది. దీనికి ఎల్‌సీయే వాడాలి. పైగా రెండూ నీళ్లలో అంత తేలిగ్గా కరిగేవే, అర లీటరు లోడ్ చేస్తే కార్ట్రిడ్జ్ దాటి పోతాయి. వడకట్టిన నీళ్లని 50–100 మైక్రోలీటర్లు నేరుగా ఇంజెక్ట్ చేయించడమే మేలు.

మిగతావాటికి: 200 మిల్లీగ్రాముల హెచ్‌ఎల్‌బీ, ముందు 5 మి.లీ. మెథనాల్, ఆపై 5 మి.లీ. నీళ్లు. అర లీటరు నమూనాని నిమిషానికి 5–10 మి.లీ. చొప్పున, తొందరపడకుండా. 20–30 నిమిషాలు వాక్యూమ్‌లో ఆరబెట్టి, 4 మి.లీ. చొప్పున రెండుసార్లు మెథనాల్‌తో దించి, నైట్రోజన్ కింద తగ్గించి అర మి.లీ.కి తెస్తారు. పూర్తిగా ఎండనివ్వకూడదు. నల్లరేగడి నీళ్లు కార్ట్రిడ్జ్‌ని పూడ్చేస్తాయి, అందుకే ముందు 0.7 మైక్రాన్ గ్లాస్‌ఫైబర్ ఫిల్టర్. నైలాన్ వద్దు, కొన్ని మందుల్ని పట్టేసుకుంటుంది.

హ్యూమిక్ పదార్థం (కుళ్లిన ఆకూ అలమూ నుంచి వచ్చేది) ఎక్కువున్న నీళ్లలో సంకేతం అణిగిపోతుంది. సిద్ధమైన ద్రావణంలో తెలిసిన మోతాదు కలిపి చూడమనండి. సగమే కనబడితే పలచన చేసి మళ్లీ నడపాలి, లేదా ఐసోటోప్ స్టాండర్డ్ (బరువైన పరమాణువులతో చేసిన అదే మందు) కలిపి పోల్చాలి.

నమూనా విషయానికొస్తే, మందు కొట్టాక పడే మొదటి పెద్ద వానకి వాగు పొంగేటప్పుడే తీయాలి. రెండు రోజులాగితే చాలా భాగం పోయి ఉంటుంది. లీటరు ముదురురంగు గాజు సీసా, మంచుపెట్టె, వారంలోపు ల్యాబ్‌కి. స్ప్రే పంపు ఉన్న ఆటోలో మాత్రం వేయకండి! శుభ్రమైన నీళ్లు నింపిన సీసా ఒకటి అదే దారిలో తిప్పి తెస్తే, దారిలో అంటిందేదో తేలుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందు, అది విరిగితే వచ్చే ఆంపా కావాలంటే మాత్రం గాజు కాదు, ప్లాస్టిక్ సీసా. ఊరి మురుగు కలిసే చోటికి దిగువన ఆంపా దొరికితే అది డిటర్జెంట్లలోని ఫాస్ఫోనేట్ల నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.

రిపోర్టులో ‘కనపడలేదు’ పక్కన ఎంత స్థాయి దాకా చూడగలిగారో అడగండి. ఐరోపా తాగునీటి హద్దు ఒక్కో మందుకి లీటరుకి 0.1 మైక్రోగ్రాము, ల్యాబ్ 1 మైక్రోగ్రాము దాకే చూడగలిగితే ఆ మాటకి విలువ లేదు.