విడిది ఇళ్ళ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పద్దెనిమిది పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నేను డెట్రాయిట్ పక్కన కాపురం పెట్టి యాభై ఏళ్ళు కావస్తోంది. ఇక్కణ్ణించి కారులో మూడు గంటల పైచిలుకు వెళ్తే వచ్చే, ఒకప్పుడు నల్లవాళ్ళ వేసవి విడిదిగా వెలిగిన ఐడిల్‌వైల్డ్ గురించి ఒక్క వాక్యం రాయాలని నాకు ఏనాడూ తోచలేదు. నీకు తోచింది. ఆ సంతోషంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం గట్టిగా మాట్లాడితే ఏమనుకోకు తల్లీ.

నీ వ్యాసం పాటగాళ్ళతో మొదలవుతుంది. అరేతా ఫ్రాంక్లిన్, ఫోర్ టాప్స్, డెల్లా రీస్, జాకీ విల్సన్, పేర్లన్నీ మొదటి పేజీలోనే వచ్చేశాయి. చదివేవాళ్ళకి ‘ఓహో, గొప్ప చోటన్నమాట’ అనిపిస్తుంది, అంతే. ఆ జనం అంత దూరం అడవిలోకి ఎందుకు వెళ్ళారో ఐదో పేజీ దాకా తెలియదు. అక్కడ కూడా ‘జాతి వివక్ష కారణంగా’ అని రెండు మాటల్లో తేల్చేశావు. ఆ మాటల కింద ఏముందో తవ్వి చూపించాలి.

నేనయితే 1919 జూలై 27తో మొదలుపెడతాను. షికాగోలో ఆదివారం, మండుటెండ. యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి కుర్రాడు స్నేహితులతో కలిసి మిషిగన్ సరస్సులో తెప్ప మీద ఆడుకుంటున్నాడు. నీళ్ళలో గీత ఏమీ లేదు. ఒడ్డున మాత్రం ఇటు తెల్లవాళ్ళది, అటు నల్లవాళ్ళది అని ఊరంతటికీ తెలుసు. తెప్ప కొట్టుకుపోయి 29వ వీధి రేవు వైపు తేలింది. ఒడ్డునుంచి ఒక తెల్లవాడు రాళ్ళు విసిరాడు. కుర్రాడు మునిగిపోయాడు. అక్కడే ఉన్న పోలీసు ఆ మనిషిని పట్టుకోలేదు. దాంతో రాజుకున్న అల్లర్లలో 38 మంది చనిపోయారు, అందులో 23 మంది నల్లవాళ్ళు.

ఇప్పుడు చెప్పు, ఆ ఊళ్ళో పిల్లలున్న తల్లి వేసవి వస్తే ఏం చేస్తుంది? పిల్లవాడు ఈతకు పోతానంటే ఎక్కడికి పంపుతుంది? ఆ తల్లి భయం పాఠకుడికి తగిలాక, మిషిగన్ అడవిలో ఒక సరస్సు ఉందనీ, అందులో ఎటు ఈదినా ఎవరూ రాయి విసరరనీ చెప్పు. అప్పుడు ఆ నీళ్ళు వాళ్ళకి కనిపిస్తాయి. నువ్వు రాసిన ‘ప్రశాంతమైన, నీలిరంగు సరస్సు’ క్యాలెండరు బొమ్మలా ఉంది. దాన్ని కొట్టేశాను.

ఆ నేల అంత చౌకగా ఎందుకు దొరికిందో కూడా నువ్వు రాయలేదు. ఐడిల్‌వైల్డ్ ఉన్న లేక్ కౌంటీలోని తెల్ల పైన్ చెట్లన్నిటినీ పందొమ్మిదో శతాబ్దంలోనే నరికేశారు. మిగిలింది ఇసకా, మొద్దులూ. వ్యవసాయానికి పనికిరాదు, కలప లేదు. అలాంటి నేలను 1912 నుంచి ఎరాస్టస్ బ్రాంచ్, విల్బర్ లెమన్ అనే తెల్లజాతి వ్యాపారులూ వాళ్ళ కుటుంబాలూ ప్లాట్లుగా కోసి, నల్లవాళ్ళకు వేసవి విడిదిగా అమ్మకానికి పెట్టారు. అమ్మడానికి నల్లజాతి ఏజెంట్లనే పెట్టుకున్నారు. షికాగో, డెట్రాయిట్ లాంటి ఊళ్ళనుంచి జనాన్ని ప్రయాణాలు కట్టించి తెచ్చి చూపించారు. నీ ప్రతిలో వీళ్ళు ఒకచోట దయామయులుగా, ఇంకోచోట మోసగాళ్ళుగా కనిపిస్తారు. రెండూ వద్దు. ఎవరికీ అక్కర్లేని నేలనీ, ఎవరూ చోటివ్వని మనుషుల్నీ చూసి లాభం లెక్క వేసుకున్నారు. ఆ లెక్కలోంచి ఒక మంచి పుట్టింది. అంతవరకే రాయి.

ఇక ధర. ఇది నీ వ్యాసానికి గుండెకాయ, నువ్వేమో బ్రాకెట్లో పెట్టావు! ప్లాటు 25 అడుగులు వెడల్పు, 100 అడుగులు పొడవు. ధర 35 డాలర్లు. ముందు 6 డాలర్లు కడితే చాలు, తక్కినది నెలకు ఒక డాలరు. మన పాఠకుడికి అడుగులు చెబితే బుర్రకెక్కదు, గజాల్లో చెప్పు. సుమారు 278 గజాలు. సెంట్లలో అయితే ఐదున్నర పైన. సెంటు భూమి కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కే చోటునుంచి వచ్చినవాళ్ళం మనం. ఆ అంకె వినగానే మనవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. తర్వాత మిగిలిన 29 డాలర్ల గురించి రాయి. అంటే రెండేళ్ళ ఐదు నెలలు. ఆ డాలరు ఎవరి చేతిలోంచి వచ్చింది? రైల్లో పరుపులు సర్దే పోర్టరు, ఇళ్ళలో బట్టలుతికే మనిషి, కార్ల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర నిలబడేవాడు. నగరంలో ఏ వీధిలో ఇల్లు కొనాలో కూడా ఇంకొకరు నిర్ణయించే రోజుల్లో, నెలకొక డాలరుతో తనదనే నేల. పాత కాగితాల్లో ఒక్క వాయిదా రసీదు దొరికినా చాలు, ఐదు పేజీలు రాయచ్చు.

మొదట్లో వచ్చినవాళ్ళు సరస్సులోని ద్వీపం మీద ఒంటిగది చెక్క గుడిసెల్లో ఉండేవాళ్ళు. వాటిని వాళ్ళే ‘డాగ్ హౌస్’లు అనుకునేవారు. నువ్వు ‘కాటేజీ’ అని రాశావు, ‘రిసార్టు’ అని రాశావు. కాటేజీ సరే, అందరికీ తెలిసిన మాటే. రిసార్టు అనగానే మనవాళ్ళకి వారాంతపు స్విమ్మింగ్ పూలూ, బఫే భోజనం గుర్తొస్తాయి. నాకు ‘విడిది’ అన్న మాట బాగుంటుందనిపిస్తోంది. పెళ్ళికి తరలివచ్చిన మగపెళ్ళివారికి విడిది ఇల్లు చూపించి, కాళ్ళకు నీళ్ళిచ్చి కూర్చోబెడతాం కదా. దారిపొడుగునా ఏ హోటల్లో తిననిస్తారో, ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి తలుపు తీస్తారో తెలియక, ఇంటినుంచే వేయించిన కోడితో సద్దిమూట కట్టుకుని వచ్చిన మనుషులు వాళ్ళు. దిగగానే ‘రండి, కూర్చోండి’ అన్న పిలుపు దొరికే చోటుకి మన భాషలో అంతకంటే మంచి మాట నాకు తెలియదు.

డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్‌కి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు. చాలదు. నర్సింగు స్కూళ్ళలో నల్లజాతి అమ్మాయిలకు సీటు ఇవ్వడం లేదని 1891లో షికాగోలో ప్రావిడెంట్ ఆసుపత్రి పెట్టినవాడాయన. 1893లో అక్కడే, కత్తిపోటు తగిలిన మనిషి ఛాతీ తెరిచి, గుండె చుట్టూ ఉండే పొరకు కుట్లు వేసి బతికించాడు. ఎక్స్‌రేలు లేని రోజులు! అలాంటాయన ఐడిల్‌వైల్డ్‌లో భూమి కొన్నాడు, సరస్సు పక్కన ఇల్లు కట్టుకున్నాడు, 1931 ఆగస్టు 4న అక్కడే కన్నుమూశాడు. నల్లవాళ్ళ హక్కుల కోసం కలం పట్టిన డబ్ల్యూ. ఇ. బి. డు బోయిస్ కూడా ప్లాట్లు కొన్నాడు. 1921 ఆగస్టులో తన ‘ది క్రైసిస్’ పత్రికలో ఈ చోటు గురించి మురిసిపోతూ రాశాడు. బతుకంతా పోరాటం రాసిన మనిషి అక్కడ నీళ్ళ తళుకు గురించీ గాలి గురించీ రాశాడు. అలసిపోయిన మనుషులకు పడక్కుర్చీ ఎంత అవసరమో చెప్పడానికి ఈ ఇద్దరూ చాలు. జుట్టు సంరక్షణ సరుకుల వ్యాపారంతో పైకొచ్చిన మేడమ్ సి. జె. వాకర్ కొన్న ప్లాట్లూ అవీ ఒక వరసలో చెప్పేసి ముందుకెళ్ళు, అక్కడ ఆగక్కర్లేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. నీ వ్యాసంలో నువ్వెక్కడా లేవు. ‘నేను’ అన్న మాట పెట్టమని అడగడం లేదు. ఇదంతా మనకు సంబంధం లేని ఊళ్ళో, మనకు సంబంధం లేని మనుషులు చేసిన పాపంలా రాశావు. మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువు ఉండేది. మెట్ల పక్కన, గట్టు కింద, మాలపల్లె ఆడవాళ్ళు కుండలు పెట్టుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళు నీళ్ళు తాకకూడదు. ఎవరైనా ఊళ్ళోవాళ్ళు బిందెతో తెచ్చి పైనుంచి పొయ్యాలి. నేను కూడా పోశాను, ఏడెనిమిదేళ్ళ వయసులో, పుణ్యం చేస్తున్నాననుకుని. కుండకు బిందె తగలకుండా ఎత్తి పొయ్యమని మా నాయనమ్మ నేర్పింది. యూజీన్ విలియమ్స్ గురించి మొదటిసారి చదివినరోజు నాకు ఆ గట్టే కళ్ళముందు నిలిచింది. సరస్సు అని రాయి, తప్పులేదు. రాసేటప్పుడు లోపల మన చెరువు గట్టు కూడా మెదలనివ్వు. అమెరికా వచ్చాక మన విందుల్లో నల్లవాళ్ళ గురించి వాడే మాట నీకూ తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా నేను పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ ఊరి గురించి రాయాలని తోచకపోవడానికి అదీ ఒక కారణమే.

క్లబ్బుల భాగం బాగా రాశావు. పెద్దగా ముట్టుకోలేదు. సాగినా నుంచి వచ్చిన ఆర్థర్ బ్రాగ్స్ ప్యారడైజ్ క్లబ్బులో ‘ఐడిల్‌వైల్డ్ రెవ్యూ’ అనే ఆటపాటల ప్రదర్శన నడిపిన తీరు, వేసవి అయ్యాక ఆ బృందాన్నే ఊళ్ళమ్మట తిప్పడం, ఫిల్ గైల్స్ ఫ్లెమింగో క్లబ్బు, జూలై నాలుగు సెలవులకు 25,000 మంది దాకా వచ్చేవారని చెప్పుకునే జనసందోహం, అన్నీ కళ్ళకు కట్టాయి. ఒక్కటే మనవి. ఆ సంబరాన్ని వర్ణిస్తూ ప్రతి పేరా చివరా ‘అయినా లోపల బాధ ఉంది’ అన్న ధోరణి వద్దు. పట్టు గౌను వేసుకుని నాట్యం చూడ్డానికి వచ్చిన ఆవిడ ఆ రాత్రి నిజంగా సంతోషంగానే ఉంది. ఆ సంతోషాన్ని ఆవిడకు పూర్తిగా వదిలెయ్. లీలా విల్సన్ పేరు రెండు వాక్యాలకు పెంచు. ప్యారడైజ్ అన్న పేరుతో అక్కడ వెలసినదానికి ఆవిడా, భర్త హెర్మనూ పునాది వేసినవాళ్ళు. స్టేజీ మీద వాళ్ళ పేర్లు అందరికీ గుర్తుంటాయి, హోటలు కట్టి పక్కలు వేయించినవాళ్ళవి రాసేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

చివరి నాలుగు పేజీలు మాత్రం తిరగరాయాలి. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం మీద సంతకం పడింది. సరిగ్గా రెండు రోజుల్లో జూలై నాలుగు, ఐడిల్‌వైల్డ్‌కి పెద్ద పండగ. దేశంలో ఏ హోటలైనా, ఏ భోజనశాలయినా నల్లవాళ్ళను కాదనడానికి వీల్లేదని చట్టం చెప్పింది. వెళ్ళాలనుకున్న చోటికి వెళ్ళడం మొదలుపెట్టారు. పాటగాళ్ళకు పెద్ద నగరాల వేదికలు తెరుచుకున్నాయి. ఆ ఏడాదితోనే బ్రాగ్స్ రెవ్యూ ఆగిపోయింది. తర్వాత మోటళ్ళు మూతపడ్డాయి, గుడిసెల కప్పులు కుంగాయి. 1979లో ఆ ప్రాంతాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. నువ్వేమో ‘సమానత్వం వచ్చి ఐడిల్‌వైల్డ్‌ను చంపేసింది’ అని రాశావు. ఎంత అందంగా ఉందో అంత ప్రమాదకరమైన వాక్యం. తాళం తీశాక గదిలోంచి బయటికి నడిచివెళ్ళిన మనిషిని ‘గదిని పాడుపెట్టావు’ అంటామా? కానీ ఆ గదిలో వాళ్ళు ముగ్గులేసుకున్నారు, దీపాలు పెట్టుకున్నారు, అవి పోయాయన్న బెంగ కూడా నిజమే. ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టి నువ్వు తప్పుకో. తీర్పు చెప్పాల్సిన పని నీది కాదు.

మన సంగతి కూడా అక్కడే వస్తుంది. 1964 చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1965 అక్టోబరు 3న, కొత్త వలస చట్టం వచ్చింది. అంతకుముందు ఇండియాకి ఏడాదికి ఇచ్చిన కోటా వంద మంది. పౌరహక్కుల కోసం వీధుల్లో నల్లవాళ్ళు తిన్న లాఠీదెబ్బల వేడిలోంచే ఈ తలుపు కూడా తెరుచుకుంది. నేను వచ్చింది ఆ తలుపులోంచే. మీ అమ్మానాన్నలు వచ్చిందీ దాని వెనకే. ఇది వ్యాసంలో ఒక్క పేరాకి మించి ఉండకూడదు, వాళ్ళ కథను మన కథ మింగెయ్యకూడదు. ఆ ఒక్క పేరా మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇంకో పని ఉంది. నువ్వు ఆగస్టులో వెళ్ళావు, ఫోటోలన్నీ ఎండలో తీసినవే. ఐడిల్‌వైల్డ్‌ని వదలకుండా ఏడాది పొడుగునా ఉంటున్నవాళ్ళు కొన్ని వందలమంది ఉన్నారు. వాళ్ళ ఊరు జనవరిలో ఎలా ఉంటుందో తెలియకుండా దాన్ని ‘దెయ్యాల ఊరు’ అనేశావు, ఏడో పేజీలో. వాళ్ళు చదివితే ఏమనుకుంటారో ఆలోచించావా? మంచు పడ్డాక ఒకసారి వెళ్ళు. చర్చి దగ్గర ఆగు. ఎవరైనా మాట్లాడతామంటే రికార్డరు వెంటనే తీయకు. పాటగాళ్ళ గురించి అడగకు, వాళ్ళు విసిగిపోయి ఉంటారు. ‘మీ నాన్న ఈ ఇల్లు కట్టేటప్పుడు చెక్క ఎక్కడ కొన్నాడు?’ అని అడిగి ఊరుకో.

రెండో ప్రతి సంక్రాంతికి పంపితే చాలు, తొందరలేదు. వేసవిలో అక్కడి మ్యూజియం తలుపులు తీశాక నేనూ వస్తాను, కారు నువ్వు నడపాలి. పులిహోర కలుపుకొస్తాను, సరస్సు ఒడ్డున కూర్చుని తిందాం. నీళ్ళలో దిగే ఓపిక ఉంటే దిగుతాను కూడా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ