చెత్తబుట్టకు కొత్త కవర్లు కొనకు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. సరుకులతో వచ్చిన కవర్లు వంటింటి అరలో తలుపు పట్టనంతగా పేరుకుపోయాయనీ, అయినా నెలనెలా చెత్తబుట్ట కోసం నల్ల కవర్ల చుట్ట కొనవలసి వస్తోందనీ రాశావు. ఆ మాట దగ్గర ఆగి మళ్లీ చదివాను. ఒక అరలో వాడకుండా పడి ఉన్న కవర్లు, పక్క అరలో పారేయడం కోసమే డబ్బు పెట్టి తెచ్చిన కవర్లు. పారేయడానికి ఒక వస్తువును కొనడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. నలభై ఏళ్లుగా ఇల్లు నడుపుతున్నాను. చెత్త కోసం కవరు కొన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నీకూ ఆ అలవాటు పట్టుబడాలని ఇంత వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

సరుకుల కవరు మీ బుట్టకు సరిపోవడం లేదన్నావు. అక్కడే ఉంది చిక్కంతా. మోకాలెత్తు బుట్ట కొని, దానికి తగిన కవరు కోసం వెతుకుతున్నావు. నువ్వు చేయవలసింది ఇంట్లో ఉన్న కవరుకు తగిన బుట్ట పెట్టుకోవడం. పెద్ద బుట్ట నిండడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అంతసేపూ తడి చెత్త అందులో కుళ్లుతూ ఉంటుంది, ఈగలు చేరతాయి, బరువుకు కవరు అడుగు తెగుతుంది. చిన్న బుట్టయితే రోజూ ఖాళీ చేస్తావు. వాసన పుట్టేలోపే చెత్త గడప దాటుతుంది. కాబట్టి ఆ పెద్ద బుట్టను పొడి చెత్తకు వదిలేసి, వంటింట్లోకి చిన్నది చూడు. కొత్తదే కానక్కరలేదు. పగుళ్లు లేని పాత బకెట్టయినా, పెద్ద డబ్బా అయినా పనికివస్తుంది.

ఏ కవరు ఏ బుట్టకు పడుతుందో కళ్లతో చూసి చెప్పలేం, కొలవాలి. బుట్ట మూతి చుట్టూ ఒక దారం తిప్పి, ఆ పొడవును సగానికి మడిచి కవరు మీద అడ్డంగా పెట్టు. కవరు పక్కల లోపలికి ఉన్న మడతలు విప్పి, చదునుగా పరిచి కొలవాలి సుమా, లేకపోతే లెక్క తప్పుతుంది. కవరు వెడల్పు సగం దారం కంటే ఒకటి రెండు వేళ్లు ఎక్కువుంటే అంచు మీదికి తేలిగ్గా ఎక్కి అక్కడే పట్టి ఉంటుంది. మరీ ఎక్కువైతే లోపలికి జారిపోతుంది. ఎత్తు విషయంలో, బుట్ట ఎత్తుకు అడుగు వెడల్పులో సగం కలిపి, అంచు మీద మడవడానికి మరో నాలుగు వేళ్లు చూసుకో. కవరు కాస్త ఇరుకైతే పారేయకు. చెవుల కింద రెండు పక్కలా నాలుగు వేళ్ల మేర కత్తిరిస్తే మూతి విచ్చుకుంటుంది. చెవులను మాత్రం కోసేయకు, చివర్లో ముడి వేయడానికి అవే కావాలి. వదులుగా ఉన్న కవరుకు పాత సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ అంచు చుట్టూ వేస్తే కదలదు. బుట్ట పెట్టడానికి చోటే లేకపోతే అర తలుపు లోపలివైపు రెండు కొక్కేలు బిగించి కవరు చెవులు వాటికి తగిలించు. బుట్ట కడిగే పని కూడా ఉండదు.

కవరు తొడిగేటప్పుడు అది బుట్ట అడుగుదాకా దిగకుండా బెలూనులా ఉబ్బడం చూసే ఉంటావు. కింద గాలి చిక్కుకోవడం వల్ల అలా అవుతుంది. నిండిన కవరు పైకి లాగినప్పుడు రాకుండా మొరాయించేది మాత్రం కిందికి గాలి చొరబడక, అప్పుడే కవరు చిరుగుతుంది. బుట్ట పక్కగోడకు, అడుగుకు కాస్త పైన రెండు మూడు చిన్న చిల్లులు పొడిస్తే ఈ రెండు బాధలూ తీరిపోతాయి. అడుగున మాత్రం చిల్లు పెట్టకు, కారిన నీరు నేల మీదికి వస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైనది తడీ పొడీ వేరు చేయడం. బుట్టకు కవరు కావలసింది తడి వల్ల. కాగితాలు, అట్టలు, దుమ్ము, వెంట్రుకలు, మాత్రల ఖాళీ రేకులు వేసే బుట్టకు కవరు దేనికి? పడక గదిలో, రాసుకునే బల్ల కింద ఉండే బుట్టలకు నేను ఏనాడూ కవరు వేయలేదు. నెలకోసారి కడిగి ఎండలో బోర్లిస్తాను, అంతే.

తడి చెత్తకైనా ప్లాస్టిక్ కవరు లేకపోతే రోజు గడవదనుకోవడం ఈ మధ్య వచ్చిన అలవాటు. చెత్త కోసమే తయారైన ప్లాస్టిక్ సంచి 1950లో కెనడాలో పుట్టింది. హ్యారీ వాసిలిక్ అనే ఆయన విన్నిపెగ్ నగరంలో దాన్ని చేసి, మొదట అక్కడి ఆసుపత్రికి అమ్మాడు. ఇళ్లలోకి అది 1960ల చివర్లో గానీ రాలేదు. అంతకుముందు జనం బుట్ట అడుగున పాత పేపర్లు పరిచేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. రెండు పెద్ద కాగితాలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా వేసి, కొసలు బుట్ట అంచు దాటేలా లోపలికి నొక్కు. అడుగున ఇంకొక కాగితం నాలుగు మడతలు పెట్టి వెయ్యి. అది నీరు పీల్చుకుంటుంది. నిండాక కొసలు నాలుగూ కలిపి పొట్లంలా చుట్టి తీసెయ్యడమే. కాకపోతే ఒక్కరోజు మించి ఉంచకు, కాగితం నానితే నిలవదు. కవరు వాడే రోజుల్లో కూడా దాని అడుగున ఒక కాగితం మడత వెయ్యి. పలచని కవరు ఎక్కువగా తెగేది అడుగు అతుకు దగ్గరే, అక్కడ నీరు చేరకపోతే కారే బాధ తగ్గుతుంది.

ఇంకో మాట. తొక్కలు, తరుగు, వడగట్టిన పిప్పి తిన్నగా బుట్టలో వేయకు. సింకు పక్కన చిల్లుల గిన్నె ఒకటి పెట్టుకుని పగలంతా అందులో వేసి, నీరు ఓడిపోయాక రాత్రి బుట్టలోకి మార్చు. బరువు తగ్గుతుంది, వాసన తగ్గుతుంది, కవరు మిగులుతుంది. మొక్కలు పెంచే చోటు ఉంటే ఆ తరుగు మట్టిలోకే పోతుంది, కవరు ప్రసక్తే రాదు.

స్నానాల గదిలోని చిన్న బుట్ట గురించి ప్రత్యేకంగా రాయాలి. అందరం నష్టపోయేది అక్కడే. గుప్పెడు దూది, రెండు కాగితం ముక్కలు పడగానే కవరుతో సహా తీసి పారేస్తాం. అలా చేయకు. ఆ బుట్టలోని చెత్తను వంటింటి కవరులోకి వంచి, ఖాళీ కవరును దాని స్థానంలోనే ఉంచు. చిరిగేదాకా, మురికయ్యేదాకా వారాల తరబడి అదే సరిపోతుంది. శానిటరీ ప్యాడ్ల వంటివి కాగితంలో గట్టిగా చుట్టి వేస్తే కవరు శుభ్రంగానే ఉంటుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో దుకాణాలు ప్లాస్టిక్ కవర్లు ఇవ్వకూడదని నిషేధం పెట్టినప్పుడు ఏం జరిగిందో రెబెకా టేలర్ అనే ఆర్థికశాస్త్ర పరిశోధకురాలు లెక్క తీసింది. 2019లో అది అచ్చయింది. దుకాణం కవర్ల ప్లాస్టిక్ 4 కోట్ల పౌన్ల (పౌను అంటే దాదాపు అర కిలో) బరువు మేర తగ్గితే, జనం చెత్తకోసం కొన్న కవర్ల రూపంలో 1.2 కోట్ల పౌన్లు తిరిగి వచ్చింది. చిన్న చెత్త కవర్ల అమ్మకం ఏకంగా 120 శాతం పెరిగింది. అంటే అప్పటిదాకా ఎన్నో ఇళ్లలో సరుకుల కవర్లే చిన్న బుట్టల్లో పనిచేశాయన్నమాట. ఇది చదివినప్పుడు నాకు ఒకటి స్పష్టమైంది. దుకాణం కవరు మానడం ఒక్కటే చాలదు, చిన్న బుట్టకు కవరు అవసరమే లేకుండా చేసుకోవాలి.

ఇక సరుకులకు. చెత్తబుట్ట ఏ కవరుకైనా ఆఖరి మజిలీ కావాలి, మొదటిది కాకూడదు. ముందు అది సరుకులు మోయాలి, వీలైనన్నిసార్లు. ఈ చెవుల కవరును రూపొందించిన స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్టాఫ్ థులిన్ ఒక కవరును మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాడని ఆయన కొడుకు చెప్పాడు. 1965లో పేటెంట్ పొందిన ఆ కవరు మళ్లీ మళ్లీ వాడుకోవడానికే అని ఆయన తలపోశాడు. ఒక్కసారికే పారేయడం మనం నేర్చుకున్నది. నువ్వూ ఒకటి రెండు కవర్లు మడిచి పెట్టుకో. నిలువుగా సన్నని పట్టీలా మడిచి, అడుగు నుంచి త్రికోణంగా మడుచుకుంటూ పోయి, చివర మిగిలిన చెవుల కొసను మడత సందులోకి దోపితే అగ్గిపెట్టె అంత అవుతుంది.

గుడ్డ సంచి కొనాలా అని అడిగావు. ఇంట్లో ఉన్న పాత దుప్పటి, పాత ప్యాంటు గుడ్డతో కుట్టుకో, కొత్తది కొనకు. ఇంగ్లండ్ పర్యావరణ ఏజెన్సీ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వాతావరణానికి చేసే కీడులో పలచని ప్లాస్టిక్ కవరుతో సమం కావాలంటే కొత్త నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలి. ఆ ప్లాస్టిక్ కవర్లలో 40 శాతం చెత్తబుట్టలకు తొడిగి మళ్లీ వాడితే, 173 సార్లు. పలచని కవరును రీసైక్లింగుకు ఇవ్వడం కంటే చెత్తబుట్టలో వాడుకోవడమే మేలని కూడా అదే అధ్యయనం తేల్చింది. ఇప్పటికే ఉన్న గుడ్డ సంచిని మాత్రం చిరిగేదాకా వాడు, తరచుగా ఉతుకు. పచ్చి మాంసం తెచ్చే సంచి వేరుగా ఉంచు, అందులో కూరగాయలు వేయకు.

దుకాణం కవర్లు ఒక్కటే కాదు, ఇంట్లోకి వచ్చే కవర్లు ఇంకా చాలా ఉన్నాయి. పిండి, చక్కెర, పప్పు వచ్చిన సంచులు, బట్టల మీద వచ్చిన కవర్లు, పార్సిల్ కవర్లు, కుక్కల మేత సంచులు. పై అంచును పీకి చింపకుండా కత్తెరతో తిన్నగా కోస్తే ప్రతిదీ ఒక చిన్న చెత్త కవరే. వీటిలో మందమైనవాటిని గాజు పెంకులకు దాచు. పగిలిన గాజును ముందు పేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఆపైన కవరులో వేసి "గాజు" అని పెద్ద అక్షరాలతో రాయి. ఈ విషయంలో మాత్రం పొదుపు చూసుకోకు. ఆ మూటను మరొకరు చేత్తో ఎత్తుతారు. ఒకసారి మా చెత్త ఎత్తే మనిషి అరచేయి తెగడం కళ్లారా చూశాను. అది మా ఇంటి గాజు కాకపోయినా ఆ రక్తం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

అరలో పేరుకున్న కవర్లను ఒకరోజు కూర్చుని వేరుచెయ్యి. ప్రతి కవరులోకీ గాలి పట్టించి మూతి బిగించి నొక్కు, చిల్లు ఉంటే గాలి తప్పుకుంటుంది. చిల్లు ఉన్నవి పొడి చెత్తకు, లేనివి తడికి. వారానికి నీకు ఎన్ని కావాలో లెక్కవేసి, రెండు నెలలకు సరిపడా ఉంచుకో. అంతకు మించి చేరుతున్నాయంటే దుకాణంలో వద్దనడం మొదలుపెట్టాలి. ఎక్కువ దాచి నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఎండ పడే కిటికీ పక్కన మూటకట్టిన కవర్లు ఏడాది తిరిగేసరికి పట్టుకుంటే పొలుసుల్లా రాలిపోయాయి. ఆ పొట్టు నేలంతా పరుచుకుంటే ఏరడానికి ఒక పూట పట్టింది. చీకటిగా, పొడిగా ఉన్న చోట ఉంచు, ముందు వచ్చినవి ముందు వాడు. పసిపిల్లల చేతికి అందనివ్వకు. ముఖానికి అంటుకుంటే ఊపిరాడదు.

మట్టిలో కలిసిపోతాయని రాసి ఉన్న కవర్లు కొందామనుకుంటున్నావట. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి పేరుతో అమ్మే కవరును మూడేళ్లు మట్టిలో పాతి, సముద్రంలో ఉంచి చూశారు. ఆ తరువాత కూడా అది సరుకులు మోయగలిగిందని 2019లో ప్రకటించారు. వాటికి డబ్బు పోయకు. రీసైక్లింగుకు ఇచ్చే సీసాలు, డబ్బాలు కవరులో మూటకట్టి వేయవద్దు. అక్కడి యంత్రాల చక్రాలకు కవర్లు చుట్టుకుని పని ఆగిపోతుంది. విడిగా వెయ్యి. కవర్లను ఎప్పుడూ తగలబెట్టకు.

ముందుగా దారంతో నీ బుట్టల మూతులు కొలిచి, అరలోని కవర్లలో పెద్దదాని వెడల్పూ ఎత్తూ నాకు రాసి పంపు. నా దగ్గర ఖాళీగా ఉన్న బుట్టలు రెండున్నాయి. నీ కవర్లకు సరిపోయేది ఏదో చూసి, ఈసారి వచ్చేటప్పుడు తెస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ