అల్లుడూ, అవతలోళ్లు నీ నంబర్ బ్లాక్ చేశారో లేదో ఎలా తెలుసుకోవాలంటే

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను గానీ షాపులో జనం ఉండి రిప్లై ఇవ్వలేదు, ఇప్పుడు షట్టర్ దించేసి తీరిగ్గా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఎవరి నంబరో నువ్వు రాయలేదు, నేనూ అడగను. డబ్బులు తీసుకున్న ఫ్రెండు అవ్వొచ్చు, మాట్లాడ్డం మానేసిన అమ్మాయి అవ్వొచ్చు, గొడవపడ్డ మన చుట్టాలే అవ్వొచ్చు, ఎవరైనా సరే ఫోన్లో కనిపించే గుర్తులు మాత్రం ఒకటే. ఆ తర్వాత నువ్వేం చెయ్యాలన్నదే మనిషిని బట్టి మారుద్ది. అందుకే అన్నీ రాసేస్తున్నా, నీకు పనికొచ్చేది నువ్వు ఏరుకో.

ఒకటి ముందే తెలుసుకో, ఫలానావాళ్లు నిన్ను బ్లాక్ చేశారు అని ఏ ఫోనూ ఏ యాపూ నీకు చెప్పదు. చేతగాక కాదు, కావాలనే అలా పెట్టారు, బ్లాక్ చేసిన మనిషికి ఇబ్బంది రాకూడదని. వాట్సాప్ వాళ్లయితే ఈ ముక్క వాళ్ల హెల్ప్‌లోనే రాసుకున్నారు. కాబట్టి ప్లే స్టోర్‌లో "మిమ్మల్ని ఎవరు బ్లాక్ చేశారో చూడండి" అని కనపడే యాపులు ఒక్కటి కూడా వేసుకోకు, అవి అడిగేది నీ కాంటాక్టులు, నీ మెసేజులు, అంతకుమించి వాటివల్ల ఒరిగేదేం లేదు. జీబీ వాట్సాప్ లాంటి నకిలీవి అసలే వద్దు, వాటిని వాడితే నీ అకౌంటే బ్యాన్ అయ్యే ఛాన్సుంది.

ముందు నీ ఫోన్ చూసుకో. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. ఫోన్ యాప్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే బ్లాక్ చేసిన నంబర్లు అని ఉంటది, అందులో ఆ నంబర్ ఉందేమో చూడు. ఎందుకంటే నువ్వు ఒక నంబర్ బ్లాక్ చేసినా దానికి నీ కాల్ వెళ్తది, వాళ్లు తిరిగి చేసిందే నీకు రాదు. వాళ్లేమో నాలుగుసార్లు చేసి వీడు ఎత్తట్లేదు అనుకుంటారు, నువ్వేమో ఒక్కసారైనా తిరిగి చెయ్యలేదని ఇక్కడ కుమిలిపోతుంటావు. ట్రూకాలర్ ఉంటే అందులో లిస్టు వేరేగా ఉంటది, అదీ చూడు, వాట్సాప్‌లో ఇంకోటి. ఈ మూడూ వేటికవే, ఒకదాన్లో బ్లాక్ చేస్తే రెండోదాన్లో అయిపోదు. ఫోన్లో నిన్ను బ్లాక్ చేసి వాట్సాప్‌లో చెయ్యడం మర్చిపోయినోళ్లు బోలెడుమంది.

ఇక కాల్ సంగతి. మన నంబర్ బ్లాక్ చెయ్యడం అనేది మామూలుగా అవతలోళ్ల ఫోన్లోనే జరుగుద్ది, నెట్‌వర్క్‌లో కాదు. ఇదొక్కటి అర్థమైతే సగం అనుమానాలు వాటంతటవే పోతాయి. నీ కాల్ టవర్ దాకా వెళ్లుద్ది, అక్కణ్ణించి వాళ్ల ఫోన్‌కి వెళ్లుద్ది, ఆ ఫోన్ నీ నంబర్ చూసి వాళ్లకి తెలియకుండానే కట్ చేసేస్తది. అంటే ఆ కట్ చెయ్యడానికి ఫోన్ ఆన్‌లో ఉండాలి, సిగ్నల్లో ఉండాలి. కాబట్టి "స్విచ్ ఆఫ్ చేయబడి ఉంది" అనో "కవరేజ్ ఏరియాలో లేరు" అనో వినపడితే దాన్నిబట్టి బ్లాక్ అని తేల్చడానికి లేదు. బ్లాక్ అయితే మామూలుగా ఎలా ఉంటదంటే, ఒక్క రింగో లేకపోతే కాలర్ ట్యూన్ ఒక చిన్న ముక్కో వచ్చి టక్కున ఆగిపోయి "మీరు కాల్ చేసిన వ్యక్తి బిజీగా ఉన్నారు" అంటది, కొన్నిసార్లు ఆ ముక్క కూడా రాకుండానే కట్ అవుద్ది. ఐఫోన్ అయితే బ్లాక్ చేసిన కాల్‌ని వాయిస్ మెయిల్‌కి పంపుద్ది, మన దగ్గర వాయిస్ మెయిల్ పెట్టుకునేది ఎవరు, అందుకని మనకి అదీ కట్ అయినట్టే ఉంటది.

బిజీ అని ఒకసారి విన్నంత మాత్రాన ఏమీ కాదు, నిజంగా మాట్లాడుతుండొచ్చు, మీటింగ్‌లో ఉండి చేత్తో కట్ చేసి ఉండొచ్చు. చూడాల్సింది ఏంటంటే అది మారుతుందా లేదా అని. మనిషి బిజీ అయితే పొద్దున ఒకలా మధ్యాహ్నం ఒకలా ఉంటది, ఒకసారి పూర్తిగా మోగుద్ది, ఒకసారి నాలుగో రింగులో కట్ అవుద్ది. బ్లాక్ అయితే సోమవారం పొద్దున చేసినా బుధవారం సాయంత్రం చేసినా సరిగ్గా అదే చోట అదే తీరులో ఆగుద్ది. పూర్తిగా మోగి మోగి ఆగిందనుకో, మన దేశంలో మొబైల్‌కి రింగ్ టైము 30 సెకన్లు అని ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ 2019లో ఫిక్స్ చేసింది, ఆ 30 సెకన్లూ మోగింది అంటే ఫోన్ వాళ్ల దగ్గర మోగుతోంది, వాళ్లు ఎత్తట్లేదు, అంతే. కొన్ని యాపుల్లో బ్లాక్ చేసిన కాల్‌ని కట్ చెయ్యకుండా సైలెంట్‌గా మోగనిచ్చే ఆప్షన్ ఉంటది గానీ అది పెట్టుకునేవాళ్లు తక్కువ.

మన దగ్గర ఇంకో తిరకాసు రెండు సిమ్‌లు. ఒక సిమ్‌లో మాట్లాడుతుంటే రెండో సిమ్ చాలా ఫోన్లలో అందదు, నీకేమో అందుబాటులో లేరు అని వినపడుద్ది. నువ్వు చేసే నంబర్ వాళ్ల రెండోది అయితే రోజులో చాలాసేపు ఇదే తంతు. రీఛార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోయినా ఈ నంబర్‌కి ఇన్‌కమింగ్ సౌకర్యం లేదు అని చెప్తది, ఆ అనౌన్స్‌మెంట్ చివరిదాకా విను, సగం మంది మొదటి ముక్క వినగానే ఎర్ర బటన్ నొక్కేస్తారు. 90 రోజులు వాడకుండా బ్యాలెన్స్ లేకుండా వదిలేసిన నంబర్ కంపెనీ ఆపేస్తది, ఆపిన 90 రోజుల తర్వాత దాన్ని ఇంకెవరికైనా ఇచ్చేయొచ్చు. అలాంటప్పుడు నువ్వు గొడవపడేది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషితో, జాగ్రత్త.

మెసేజ్ పెట్టి చూద్దాం అనుకుంటావేమో, మామూలు ఎస్ఎంఎస్ దీనికి దండగ. నీకు సెంట్ అనే చూపిస్తది, డెలివరీ అయినట్టు రిపోర్ట్ వచ్చినా రావొచ్చు, అక్కడేమో అది స్పామ్ ఫోల్డర్లో పడుంటది.

వాట్సాప్‌లోనే అందరూ బోల్తా పడేది. డీపీ పోయింది, లాస్ట్ సీన్ పోయింది, ఇంకేముంది బ్లాక్ చేసేశాడు అని షాపుకొచ్చి ఫోన్ నా చేతిలో పెడతారు. డీపీ, లాస్ట్ సీన్ కనపడకపోవడానికి ఎక్కువసార్లు కారణం వేరే ఉంటది. చాలామంది వాటిని మై కాంటాక్ట్స్‌కి మాత్రమే అని పెట్టుకుంటారు, అలాంటోడు కొత్త ఫోన్ కొని కాంటాక్టులు పోగొట్టుకున్నాడనుకో, నీ నంబర్ వాడి దగ్గర సేవ్ అయి ఉండదు, ఆ క్షణం నుంచి నీకు డీపీ మాయం. 2022 నుంచి ఆన్‌లైన్ ఉన్నట్టు కూడా కనపడకుండా దాచుకునే వీలు ఇచ్చారు. బ్లూ టిక్ రాలేదని ఏడవకు, అది ఆపేసుకునే సెట్టింగ్ ఎప్పటినుంచో ఉంది. నువ్వు చూడాల్సింది రెండో టిక్. మెసేజ్ పెట్టాక రెండు టిక్కులు పడ్డాయా, ఆ మెసేజ్ పెట్టేటప్పటికి వాట్సాప్‌లో నిన్ను బ్లాక్ చెయ్యలేదు, ఇంక చర్చ లేదు. ఒకటే టిక్ అయితే రెండు సంగతులు, నెట్ లేకపోవడమో బ్లాకో. రోజుల తరబడి ఒకటే టిక్ ఉండి, అదే మనిషి మన ఇంటి గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు పెడుతూనే ఉన్నారంటే ఇంక నెట్ లేదని సర్దిచెప్పుకోకు. గ్రూపులో ఉంటే బ్లాక్ చేసినా ఒకరి మెసేజ్ ఒకరికి కనపడుద్ది, అందుకే గ్రూప్ చూడమంటున్నా. వాట్సాప్ కాల్ అయితే కాలింగ్ అని అక్కడే ఆగిపోద్ది, రింగింగ్‌కి మారదు, నెట్ లేకపోయినా అంతే కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. ఇంకోటి, బ్లాక్‌లో ఉన్నప్పుడు నువ్వు పంపినవి తర్వాత వాళ్లు బ్లాక్ తీసేసినా వాళ్లకి చేరవు, ఆ ఒంటి టిక్కు అలాగే ఉండిపోద్ది, అవసరమైన ముక్క ఉంటే మళ్లీ పంపుకోవాలి.

ఇద్దరే ఉండేలా కొత్త గ్రూప్ పెట్టి యాడ్ అవుతారో లేదో చూడమని కొందరు సలహా ఇస్తారు. నేను మాత్రం వద్దంటా. బ్లాక్ చెయ్యలేదనుకో, "నీతో నేను" అని ఒక పిచ్చి గ్రూపులో వాళ్లు తేలతారు, నీ పరువు గోదాట్లో కలుసుద్ది.

దుబాయ్‌లో ఉన్నోళ్ల కథ వేరు, మన కోనసీమలో ఇది ఇంటింటి గొడవ. యూఏఈలో వాట్సాప్ చాట్ పనిచేస్తది గానీ వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు, అక్కడి రూల్స్ అలాంటివి, అందుకే మనోళ్లు బోటిమ్ లాంటి కాలింగ్ యాపులు వాడతారు. కొత్తగా వెళ్లిన మొగుడు వీడియో కాల్ ఎత్తట్లేదు, నన్ను బ్లాక్ చేశాడు బాబాయ్ అని ఒకమ్మాయి చంటిబిడ్డని చంకనేసుకుని ఏడుస్తా వచ్చింది, చూస్తే మెసేజులన్నిటికీ రెండు టిక్కులు నీలంగా ఉన్నాయి. మామూలు కాల్ అయితే నంబర్ ముందు ప్లస్ 971 ఉందో లేదో చూసుకోవాలి.

పెద్దోళ్ల ఫోన్లయితే మొదట అనుమానించాల్సింది మనిషిని కాదు, వేలిని. లోన్ కావాలా అని కాల్ వస్తది, కట్ చెయ్యగానే తెరమీద ఒక డబ్బా లేస్తది, బ్లాక్, స్పామ్, సేవ్ అని, కళ్లజోడు లేకుండా ఏదో ఒకటి నొక్కేస్తారు. మా వీధిలో రిటైర్డ్ మాస్టారుగారు కూతురు ఫోన్ చెయ్యట్లేదని బెంగపెట్టుకుని అన్నం మానేసే దాకా వచ్చారు, ఆయన ఫోన్ తీసి బ్లాక్ లిస్టు తెరిస్తే పైనుంచి రెండోది కూతురి నంబరే, పేరుతో సహా. అక్కడ ఆ అమ్మాయేమో నాన్నకి కోపం వచ్చిందని భయపడి ఇంకెవరితోనూ అడిగించలేదు. నీది మన ఇంట్లో పెద్దోళ్ల నంబరే అయితే పక్కింటోళ్లకి ఫోన్ చేసి ఆ లిస్టు చూడమని చెప్పు, ఐదు నిమిషాల పని.

ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం పోకపోతే వేరే నంబర్ నుంచి ఒక్కసారి చెయ్యి. ఒక్కసారే. మంచి టైములో, పగలు. నీ నంబర్ నుంచి చేస్తే ఒక రింగుకే ఆగి, రెండు నిమిషాల తర్వాత మీ రూమ్మేట్ నంబర్ నుంచి చేస్తే చక్కగా పూర్తిగా మోగిందంటే నీకు జవాబు దొరికినట్టే. ఎత్తితే గబుక్కున పెట్టేయకు, "నేనురా ఫలానా, కాల్ కలవట్లేదని ఈ నంబర్ నుంచి చేశా" అని పేరు చెప్పు. ఎత్తి ఊపిరి వినిపించి పెట్టేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. యూట్యూబ్‌లో స్టార్ 67 నొక్కి చేస్తే నీ నంబర్ కనపడదు అంటారు, అది అమెరికా కెనడా వాళ్ల కోడ్, ఇక్కడ పనిచెయ్యదు, నంబర్ దాచిపెట్టే సౌకర్యం మన దేశంలో మామూలు జనానికి ఇవ్వరు.

ఇప్పుడు అసలు సంగతి. బ్లాక్ అని తేలింది, అవతల ఉన్నది అమ్మాయి అయితే అక్కడితో ఆపెయ్యి. ఇంకో సిమ్ కొనకు, ఇన్‌స్టాలో ఇంకో ఐడీ పెట్టకు, ఫోన్‌పేలో రూపాయి పంపి కింద మెసేజ్ రాసే తెలివితేటలు అసలే చూపించకు, ఈ మధ్య కుర్రాళ్లకి అదొక రోగం. వద్దని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడి పదేపదే కాంటాక్ట్ చెయ్యడం భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు. బ్లాక్ చెయ్యడం అంటే వద్దని చెప్పినట్టు కాదా అని నాతో లా పాయింట్లు మాట్లాడకు, పోలీసుల షీ టీమ్స్ వాళ్లు ఫోన్ చేస్తే మీ అమ్మ తట్టుకోలేదు. కారణం తెలియకుండా వదిలెయ్యడం కష్టమేరా, నాకు తెలుసు, కానీ ఆ కారణం చెప్పాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం.

చుట్టాలో పాత ఫ్రెండో అయితే ఒక మధ్యవర్తిని పెట్టు, ఇద్దరికీ కావాల్సినోడు ఎవడో ఒకడుంటాడు, "నా మీద కోపంగా ఉన్నాడా" అని ఒక్క మాట అడిగించు, ఊరంతా తిప్పకు.

నీ దగ్గర డబ్బులు తీసుకున్న మనిషైతే రోజుకి ఇరవైసార్లు డయల్ చేసి లాభం లేదు, వాడు ఆ సౌండ్ కూడా వినడు. ముందు పాత చాట్ డిలీట్ చెయ్యకుండా ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్లో పెట్టుకో, వాడు ఇస్తానని ఒప్పుకున్న మెసేజ్‌కి తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తియ్యి, యూపీఐలో పంపిన ఎంట్రీలు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో మార్క్ చెయ్యి. తర్వాత వాళ్ల ఇంటి అడ్రస్‌కి లాయర్ చేత నోటీసు పంపించు. చేబదులు వసూలుకి కోర్టుకెళ్లాలంటే గడువు మామూలుగా 3 ఏళ్లే, ఇచ్చిన రోజు నుంచి లెక్క, రేపూ మాపూ అని నానిస్తే ఆ కాగితాలు కూడా పనికిరావు. పెద్ద మొత్తమే అయితే నాకు చెప్పు, అమలాపురంలో మనకి తెలిసిన లాయర్ గారున్నారు, ఫీజు దగ్గర మరీ పీడించరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు ఉండదు, అప్పుడు ఫోన్ చెయ్యి.

ఇట్లు
మీ మావయ్య